కెమిస్ట్రీ కోసం ఉపవాసం

1973 జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం అబ్రహాము వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం ముగిశాక, గుడికి బయలుదేరే ముందు, నాయిన టీ తాగుతాడు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోగా మూడు మాటలు చెప్పాలి. ఒకటి, బి.ఎస్సి. మొదటి ఏడాది కెమిస్ట్రీ పోయింది. రెండు, మళ్ళీ రాసినా పోతుంది. మూడు, మొన్న శుక్రవారం సంగారెడ్డి కాలేజీలో బి.ఏ. మొదటి సంవత్సరంలో పేరు రాయించుకుని వచ్చాడు. మొదటి రెండు మాటలు బయటపడితే మూడోది దాని దారిన అదే వస్తుందని అతని ధైర్యం.

చదువు మార్చుకోవడం తొందరపడి చేసిన పని కాదు. ఏడాది పొడుగునా అతను ప్రయత్నించాడు. అమ్మోనియా వాసనకు రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయాడు. మూడోసారి పడిపోకుండా బల్ల పట్టుకున్నాడు కానీ, బల్ల మీదున్న గాజు సామాను పడిపోయింది. కెమిస్ట్రీ లెక్చరరు మంచివాడు కనుక తిట్టలేదు. "వేరే చదువు ఏదన్నా చూసుకో నాయనా. నీకు చదువు మిగులుతుంది, నాకు సామాను మిగులుతుంది" అన్నాడు. ఆఫీసులో గుమాస్తా భీమశంకరం ఫారం అందుకుని, "ఏడాది పోతది, ఎరుకే కద? మీ నాయిన సంతకం తెచ్చియ్యాలె" అన్నాడు. అబ్రహాము తెస్తానన్నాడు. ఆ సంతకం కోసమే ఆదివారం టీ.

ఆ ఆదివారం పాలు విరిగిపోయాయి. ఇస్నాపూరు మిషన్ ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు దేవసహాయం టీ లేకుండానే కోటు తొడుక్కుని, గుడి తలుపులు తీయించడానికి వెళ్ళిపోయాడు. అబ్రహాము వెనకాలే వెళ్ళాడు కానీ, తండ్రి పెద్ద అడుగులు వేసే మనిషి.

ఇస్నాపూరు సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరికి ఏ అవసరం ఉన్నా చీటీ మీద రాసి కానుకల సంచిలో వేస్తారు. పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు ఒక్కొక్కటే పైకి చదువుతారు. సంఘమంతా దాని కోసం ప్రార్థిస్తుంది. చదివి వినిపించాక ఇక అది ఒక ఇంటి సంగతి కాదు, అందరి సంగతి. ఆ రోజు నాలుగో చీటీ ఇలా ఉంది: "దేవసహాయం గారి కుమారుడు అబ్రహాము కెమిస్ట్రీలో ఫస్టు క్లాసు పొంది, పటాన్‌చెరులో కడుతున్న మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు ఉద్యోగం పొంది, తల్లిదండ్రుల దగ్గరే ఉండులాగున." ఉద్యోగం వరకు దేవసహాయం చేతిరాత. చివరి ముక్క అతని భార్య ఎలిజబెత్ తర్వాత చేర్చింది.

ఎలిజబెత్‌కు కెమిస్ట్రీతో పని లేదు. ఆమె పెద్ద కూతురు గ్రేస్ నర్సు ట్రైనింగు కోసం మద్రాసు వైపు వెళ్ళింది. రెండేళ్ళలో వస్తానన్న పిల్లకు అక్కడే ఉద్యోగమైంది. ఇప్పుడు నెలకో ఉత్తరం వస్తుంది. గ్రేస్ వెళ్ళిన రోజు బస్సు కదిలి, మలుపు తిరిగి, దాని దుమ్ము కూడా నేలకు దిగాక సైతం ఎలిజబెత్ రోడ్డు పక్కనే నిలబడి ఉందని చూసినవాళ్ళు చెబుతారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీకి కంపెనీ బస్సు ఉంటుందట. పొద్దున ఎక్కించుకుపోయి సాయంత్రం దించుతుందట. ఆమె అడిగింది ఆ దించడం గురించి మాత్రమే.

సంఘమంతా ఆమెన్ అంది. అన్నవాళ్ళలో అబ్రహాము కూడా ఉన్నాడు, అలవాటు కొద్దీ.

అంతటితో ఆగినా బాగుండేది. సంఘంలోని ఆడవాళ్ళ జట్టుకు, అంటే స్త్రీల మైత్రికి, పెద్ద అయిన ఏసమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచి నిలబడింది. మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా పనిచేసిన మనిషి. ఆమె మొదలుపెట్టిన పని మధ్యలో ఆపినట్టు దాఖలా లేదు. "ఈ పిలగానికి కెమిస్టు నౌకరి వచ్చేదాక శుక్రవారం నాడు నేను ముద్ద ముట్ట" అని ప్రకటించింది. గుడి బయట అబ్రహామును పక్కకు పిలిచి, "ఇంతకూ కెమిస్ట్రీ అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది.

"మందులు చేసే సదువు పెద్దమ్మా."

"అట్లనా. మరి జెర గట్టిగనే అడగాలె."

మర్నాడు సంగారెడ్డి బస్సులో అతని పక్క సీట్లో అంజన్న కూర్చున్నాడు. అంజన్న అదే ఊళ్ళో సత్తయ్య అనే రైతు కొడుకు. ఏడాది కిందట ఇద్దరూ కలిసే బి.ఎస్సి.లో చేరారు. అంజన్న కెమిస్ట్రీ అంచు మీద గట్టెక్కి రెండో ఏడాదికి వచ్చాడు. అతను కాలేజీలో ఏం చదువుతున్నాడని ఊళ్ళో ఎవరూ అడగలేదు. సత్తయ్య కొడుకు కనుక ఎప్పటికైనా నాగలి దగ్గరికే వస్తాడని అందరి లెక్క.

"చెప్పినవా?" అన్నాడు అంజన్న.

"పాలు ఇరిగినయి."

"పాలకూ దీనికీ ఏం సంబంధం ర?"

అబ్రహాము జరిగింది చెప్పాడు. చీటీ సంగతి, ఏసమ్మ ఉపవాసం సంగతి విని అంజన్న అతని వైపు తిరిగాడు. "నా కోసం గూడ ఒక పూట ఉండుమనరాదు? నాది నిజంగనే కెమిస్ట్రీ."

"పరాచకాలు ఆపు. రాత్రి అన్నం కాడ మా నాయిన ఇయ్యాల ఏం చెప్పిండ్రని అడుగుతడు. అబద్ధం ఆడుడు నాతోని కాదు. రోజూ మీ క్లాసుల ఏం చెప్పిండ్రో బస్సుల నాకు చెప్పు. అదే చెప్త. చెప్పిండ్రనే కద అడుగుతడు, ఎవ్వలకు చెప్పిండ్రని అడుగడు కద."

"నాకే సమజ్ కాలే. నీకేం చెప్పాలె?"

"సమజ్ చేసుకొని చెప్పు."

ఇలా ఒక ఏర్పాటు మొదలైంది. పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట బస్సులో అంజన్న చెప్పేవాడు, అబ్రహాము వినేవాడు. రాత్రి అన్నం దగ్గర అబ్రహాము చెప్పేవాడు, దేవసహాయం వినేవాడు. దేవసహాయం ఊరికే వినే మనిషి కాదు. పిల్లలకు పాఠం చెప్పి చెప్పి ప్రతి మాటకూ ఎందుకని అడగడం అలవాటైంది. "ఉప్పు నీళ్ళల్ల కరుగుతది, మంచిదే. నూనెల ఎందుకు కరుగదు?" అని అడిగేవాడు. కొడుకు రేపు అడిగి వస్తాననేవాడు. ఆ ప్రశ్న మర్నాడు బస్సులో అంజన్నకు చేరేది. అంజన్న దాన్ని లెక్చరరు దగ్గరికి మోసుకుపోయేవాడు. వెనక బెంచీలో కూర్చునే కుర్రవాడు రోజుకో ప్రశ్న అడగడం మొదలుపెట్టేసరికి లెక్చరరు మొదట అనుమానపడ్డాడు. తర్వాత ముందు బెంచీలోకి రమ్మన్నాడు.

అబ్రహాముకు అటు బి.ఏ. బాగా పట్టుబడింది. ఎకనామిక్స్ పుస్తకానికి వాసన లేదు. పగిలేది లేదు. ఏడాది చివర డెబ్భై ఒక్క మార్కులు వచ్చాయి, క్లాసులో మొదటివాడయ్యాడు. అన్నం దగ్గర, "డెబ్బై ఒకటి వచ్చినయ్ నాయినా, సారు అందరి ముందట లేపి నిలబెట్టిండు" అని చెప్పాడు. ఏ సబ్జెక్టులో అని తండ్రి అడిగితే చెప్పేద్దామని గ్లాసెడు నీళ్ళు తాగి సిద్ధంగా కూర్చున్నాడు కూడా. దేవసహాయం అడగలేదు. కోటు తొడుక్కుని పాస్టరు ఇంటికి బయలుదేరాడు.

ఆదివారం కృతజ్ఞతా స్తుతి జరిగింది. ఒక్క ఏసమ్మ ఉపవాసానికే డెబ్భై ఒకటి వస్తే, ఇంకొందరు కలిస్తే ఎంత వస్తాయోనని స్త్రీల మైత్రిలో చర్చ వచ్చింది. శుక్రవారం పస్తుండేవాళ్ళు ఏడుగురయ్యారు. తర్వాత పదకొండుగురు. శుక్రవారం సాయంత్రం అబ్రహాము బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, నీరసంగా గడపల్లో కూర్చున్న ఆడవాళ్ళు అతన్ని చూసి తృప్తిగా నవ్వేవారు. అతను తల వంచుకుని నడిచేవాడు. వినయం గల పిల్లవాడని ఇంకో పేరు వచ్చింది. ఆ రెండేళ్ళలో అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు. అందుకు పడ్డ శ్రమ ఎకనామిక్స్‌కు కూడా పడలేదు. గుమాస్తా భీమశంకరం కనిపించినప్పుడల్లా సంతకం అడిగేవాడు, కొన్నాళ్ళకు విసిగి అడగడం మానేశాడు.

రెండో ఏడాది ఎండాకాలంలో ఏసమ్మ ఒక సీసా పట్టుకుని వచ్చింది. "మా గల్లీ బాయి నీళ్ళల్ల పప్పు ఉడుకుత లేదు బిడ్డా. పొద్దుగాల పెడితే పొద్దుమీకి గూడ పలుకే. నీ సదువుల పెట్టి చూడు."

కాదనడానికి అతనికి నోరు రాలేదు. తన కోసం పస్తులున్న మనిషి. ఆమె తినే రోజుల్లోనైనా పప్పు ఉడకాలి కదా అనుకున్నాడు. సీసా అంజన్న చేతికి వెళ్ళింది. అంజన్న లెక్చరరు దగ్గర నిలబడి మూడు రోజులు పరీక్ష చేశాడు. ఆ నీళ్ళలో సున్నం ఎక్కువని తేలింది. గుడి పక్క బావి నీళ్ళతో వండితే ఉడుకుతుందని అన్నాడు. అబ్రహాము ఆ మాటే తెచ్చి చెప్పాడు. పప్పు ఉడికింది. ఆ వారంలో ఊళ్ళో అతని పేరు తలవకుండా పొయ్యి వెలిగించిన ఇల్లు లేదు.

1975లో పటాన్‌చెరు ఫ్యాక్టరీ గోడలు లేచి, పైకప్పు పడి, మనుషులను తీసుకుంటున్నారని తెలిసింది. దేవసహాయం లెక్క ప్రకారం కొడుకు చదువు పూర్తయింది. నిజానికి పూర్తయింది అంజన్నది. అబ్రహాముకు ఇంకా ఒక ఏడాది ఉంది. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూ అతను తిరుగుతుండగానే దేవసహాయం పాస్టరు దగ్గర సిఫారసు ఉత్తరం రాయించాడు. ఉత్తరంలో బావి నీళ్ళ పరీక్ష సంగతి వివరంగా రాశారు. పేరు రాసే చోటికి వచ్చేసరికి దేవసహాయం అడ్డుపడ్డాడు.

"పేరు వద్దయ్యగారూ. హెడ్మాస్టరు కొడుకు, సంఘం పిల్లవాడు, సంఘం అయ్యగారే సిఫారసు. మనల్ని మనమే మెచ్చుకున్నట్టుంటది. ఇస్నాపూరు నుంచి సంగారెడ్డి కాలేజీల కెమిస్ట్రీ చదివిన పిల్లవాడు అని రాయండి. ఊర్ల అట్లాంటోడు ఒక్కడే కద."

ఆ మాట అక్షరాలా నిజం. దేవసహాయం తన జీవితంలో గొప్ప చెప్పుకోకుండా చేసిన పని కూడా బహుశా అదొక్కటే.

ఉత్తరం అందిన మేనేజరు కాలేజీకి రాసి ఆ పిల్లవాడి పేరు అడిగాడు. కాలేజీవాళ్ళకు రిజిస్టరులో ఒక్క పేరే కనిపించింది. కెమిస్ట్రీ లెక్చరరు దాని కింద నాలుగు మంచి మాటలు చేర్చాడు. ఇక్కడ ఇస్నాపూరులో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసే ఒకాయన దేవసహాయానికి పటాన్‌చెరు అంగడిలో కలిసి, "మీ ఊరి పిల్లవాడికి ఆర్డరు పోయింది సార్, ముబారక్" అన్నాడు. దేవసహాయం అంగడి సంచి అక్కడే మరిచిపోయి ఇంటికి వచ్చాడు.

శనివారం సాయంత్రం ఇంటి ముందు కృతజ్ఞతా కూడిక ఏర్పాటైంది. బడి బెంచీలు వచ్చాయి. రెండు కోళ్ళు తెగాయి. ఏసమ్మ శుక్రవారమే చివరి ఉపవాసం ముగించి, మర్నాడు అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. ఆర్డరు కాగితం ఇంకా చేతికి రాలేదు కానీ, పోస్టుమాను ఆలస్యం కొత్త సంగతి కాదు. అబ్రహాము బెంచీలు మోస్తూ నాలుగుసార్లు తండ్రి దగ్గరికి వచ్చాడు. నాలుగుసార్లూ దేవసహాయం అతని చేతికి ఇంకో బెంచీ అప్పగించాడు.

చివరికి అతను వంటింట్లోకి వెళ్ళి తల్లితో అన్నాడు. "అమ్మా, నాకు కెమిస్టు నౌకరి రాదే."

ఎలిజబెత్ గంటె తిప్పడం ఆపలేదు. "వస్తది బిడ్డా. భయపడకు. బస్సు మన మలుపు కాడ్నే ఆగుతదట, నేను కనుక్కున్న."

అతను బయటికి వచ్చి ఇంకో బెంచీ ఎత్తుకున్నాడు.

పాస్టరు మొదటి ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేసరికి వాకిట్లో అంజన్న తల్లి రాజవ్వ నిలబడి ఉంది. ఆమె నెత్తి మీద బియ్యం గంప, చంకలో కోడిపుంజు. వెనకాల సత్తయ్య. అతని వెనకాల, ఎక్కడికైనా పారిపోతే బాగుండునన్నట్టు అంజన్న.

"దండం అయ్యగారూ," అంది రాజవ్వ గంప దించుతూ. "మా పోరనికి మందుల ఫ్యాక్టరీల కెమిస్టు నౌకరి వచ్చింది. పొద్దుగాల్నే కాయితం వచ్చింది. మీరే రాసి పంపిండ్రట కద. మీరిట్ల అందరు కూడి దండం పెట్టుకుంటుండ్రని విని, మేం గూడ వచ్చినం. మా పోరని కోసం ఇంతమంది ఎందుకు చేస్తుండ్రో నాకు సమజ్ కాలే గని, మీ మేలు మరువం."

 కోడిపుంజు ఒక్కసారి రెక్కలు కొట్టుకుంది. ఏసమ్మ మెల్లగా బెంచీ మీద ముందుకు జరిగింది.

"నీ కొడుకు ఏం సదివిండే రాజవ్వా?"

"కెమిస్ట్రీ అంటరట అక్కా."

"మరి మా అబ్రహాము ఏం సదివిండు?"

రాజవ్వ కొడుకు వైపు చూసింది. కొడుకు నేల వైపు చూశాడు. సత్తయ్య లోకం తెలియని మనిషి కనుక జవాబు అతనే చెప్పాడు. "మీ పిలగాడు దాంట్లకెళ్ళి రెండేండ్ల కిందనే బయటపడ్డడు కద. బి.ఏ.నో ఏందో. మా వాడు రోజు చెప్తనే ఉంటడు, మస్తు హుషారున్నడట దాంట్ల."

దేవసహాయం కళ్ళద్దాలు తీసి, కోటు అంచుతో తుడిచి, పెట్టుకున్నాడు. కళ్ళద్దాల వల్ల వచ్చిన తేడా ఏమీ కనపడలేదు.

"అబ్రహామూ, ఆ డెబ్బై ఒకటి?"

"ఎకనామిక్స్‌ల నాయినా."

"రోజూ నాకు చెప్పినవి?"

"అంజన్న నాకు చెప్పినవి."

"మీరు అడిగిన డౌట్లల్ల మూడు పరీక్షల వచ్చినయి సార్," అన్నాడు అంజన్న ఓదార్పుగా. "నూనెల ఉప్పు గూడ వచ్చింది. ఫస్టు క్లాసు మీ పుణ్యమే."

ఏసమ్మ పాస్టరు వైపు తిరిగింది. "నూటా నాలుగు శుక్రవారాలు అయ్యగారూ. ఎవ్వని కోసం ఉన్ననో చెప్పుండ్రి."

జ్ఞానప్రకాశం అయ్యగారు ఇరవై ఏళ్ళ నుంచి కష్టమైన ప్రశ్నలకు జవాబు చెబుతున్న మనిషి. కాసేపు గడ్డం తడుముకున్నారు. "చీటీలో పేరూ ఉంది, సబ్జెక్టూ ఉంది, ఏసమ్మా. రెండూ ఒక్క మనిషిలో లేవు. పైనున్నాయన సబ్జెక్టు చూసి ఇచ్చినట్టున్నాడు." పదకొండుమంది ఆడవాళ్ళు ఒకేసారి అంజన్న వైపు చూశారు. తమ శుక్రవారాలన్నీ చొక్కా ప్యాంటు వేసుకుని ఎదురుగా నిలబడి ఉన్నాయి.

దేవసహాయం కొడుకును ఏదో అనబోయాడు. అనడానికి చాలా ఉన్నట్టు గట్టిగా ఊపిరి పీల్చాడు కూడా. అప్పుడే రాజవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం మొదలుపెట్టింది. నౌకరి వచ్చిన ఇంట్లో ఏడుపు ఏమిటని ఎలిజబెత్ అడిగింది.

"ఎక్కడి నౌకరి అక్కా. పటాన్‌చెరుల కాదట. కెమిస్టులను ముందుగాల బొంబాయి ఫ్యాక్టరీకి పంపుతరట, రెండేండ్లు నేర్సుకుంటందుకు. సోమారం రైలు. ఎన్నడు నన్ను ఇడిసి ఉన్నోడు కాదు."

ఎలిజబెత్ చేతిలో గంటె ఉంది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది. రెండేళ్ళు అనే మాట ఆమెకు తెలిసిన మాట. గ్రేస్ కూడా ఆ మాటే చెప్పి బస్సెక్కింది.

"బొంబాయికా?" అంది.

"బొంబాయికే."

ఎలిజబెత్ కొడుకు దగ్గరికి వెళ్ళింది. అతను తిట్లకు సిద్ధపడ్డాడు.

"ఆ బి.ఏ. ఇంక ఎన్నేండ్లుంది?"

"ఒక్క ఏడాదమ్మా."

"ఇంట్లకెళ్ళే పోయొస్తవా?"

"రోజు పోయొస్తున్న కద."

"అయితే కూసో. ముందుగాల నువ్వు తిను," అని విస్తరాకు వేసింది. ఆ మీదట దేవసహాయం ఏమన్నా వినేవాళ్ళు ఎవరూ లేకపోయారు. వండినవి వండినట్టే ఉన్నాయి కనుక కూడిక జరిగింది. కృతజ్ఞత ఎవరి తరఫునో పాస్టరు స్పష్టంగా చెప్పకుండా జాగ్రత్తపడ్డారు. భీమశంకరానికి కావలసిన సంతకం సోమవారం పొద్దున టీ తాగుతూ దేవసహాయం పెట్టాడు. ఆ పూట పాలు విరగలేదు.

సోమవారం మధ్యాహ్నం అంజన్న వెళ్ళాడు. బస్సు మలుపు తిరిగాక రాజవ్వ పక్కన ఎలిజబెత్ కూడా దుమ్ము దిగేదాకా నిలబడింది.  ఆ పని ఎలా చేయాలో ఆమెకు తెలుసు.

అబ్రహాము మరుసటి ఏడాది ఫస్టు క్లాసులో పాసయ్యాడు. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాడు. ఆ తర్వాత సంగారెడ్డిలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. జీతం అంజన్న జీతంలో సగానికి కొంచెం ఎక్కువ. దేవసహాయం దీన్ని అన్నం దగ్గర తరచుగా గుర్తుచేసేవాడు. ఒక ఏడాది పోయింది, ఎనిమిది నెలలు పోయాయి, సగం జీతం పోతోంది, మార్కులు మాత్రం వచ్చాయి, మార్కులను అంగడిలో తీసుకోరు అనేవాడు. ఎలిజబెత్ ఒకసారి విని, "వాని జీతమెంతనో నీకెరుక. వాడు ఎన్ని గంటలు గొట్టంగ ఇంటికొస్తడో నాకెరుక. ఎవల లెక్క వాళ్ళది" అంది.

అంజన్న రెండేళ్ళు మూడయ్యాయి. మంచి పనివాడని బొంబాయివాళ్ళు వదలలేదు. అతని ఉత్తరాలు రాజవ్వకు వస్తే అబ్రహాము ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆగి చదివిపెట్టేవాడు. వచ్చే నెల వస్తానని ప్రతి ఉత్తరం చివర ఉండేది. ఆ ఒక్క వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివించుకునేది.

నాలుగో ఏడాది మొదట్లో రాజవ్వ గుడి దగ్గరికి వచ్చి, కొడుకు ఇంటికి రావాలని తనకూ ఒక చీటీ రాయమంది. అబ్రహాము రాశాడు. ఏసమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని పైకీ కిందికీ చూసి, అది సరిపోదంది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఫ్యాక్టరీ, బొంబాయిలో ఉండే గది చిరునామా అన్నీ రాయించింది. అన్నీ అయ్యాక, దేనికైనా మంచిదని, అంజన్న పాత హాల్‌టికెట్ నంబరు కూడా కింద రాయించి సంచిలో వేయించింది.